గోదావరి దాటి వచ్చిన మాట

మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్న రోజులవి. మేము కొవ్వూరులో ఉండేవాళ్లం. రాజమండ్రి నుంచి ఒక వరుడి తండ్రి పిల్లని చూడ్డానికి వస్తానని కబురు చేశారు. ఏ ఇంటికి వెళ్లినా ఏదో ఒక వంక పెట్టి లేచి వచ్చేస్తారని ఆయనకు పేరు. పిల్ల నచ్చితే వీధి ఇరుకనేవారు. వీధి నచ్చితే మేనమామ నచ్చేవాడు కాదు.

శ్రావణమాసం. గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. ఆయన ఎక్కిన పడవ నడి ఏటికి వచ్చేసరికి గాలివాన పట్టుకుంది. తెరచాప చిరిగి, పడవ గిర్రున తిరిగి, రేవుకు బాగా దిగువన ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నేనూ నాన్నగారూ పరుగున వెళ్లేసరికి ఆయన బురదలో కూర్చుని పడవవాణ్ణి కావలించుకుని ఉన్నారు.

ఇంటికి తీసుకొచ్చాం. పొడిబట్టలు కట్టుకుని శొంఠి కషాయం తాగాక, ఆయన కంటికి అంతా ముచ్చటగానే కనబడింది. కారుతున్న మా పెంకుటింటిని మెచ్చుకున్నారు. పొడిచే మా ఆవుని మెచ్చుకున్నారు. పిల్లని మాత్రం ఇంకా చూడనే లేదు.

“చూడ్డానికేముందండీ బావగారూ, సంబంధం ఖాయం. తాంబూలాలు తెప్పించండి” అన్నారు.

తలుపు వెనక అమ్మ అప్పటికే పళ్లెం సర్దేసింది. నాన్నగారు కదల్లేదు.

“మీరిప్పుడు బతికి బయటపడ్డ సంతోషంలో ఉన్నారండి. భోంచేసి పడుకోండి. పొద్దున్న పిల్లని చూసి చెబుదురుగాని.”

అమ్మ ఆ రాత్రి నాన్నగారితో మాట్లాడలేదు.

తెల్లారేసరికి వాన వెలిసింది. ఆయన పాత మనిషైపోయారు. గోడల చెమ్మ తడిమి చూశారు. ఆవుకి దూరంగా నిలబడ్డారు. చెల్లెలు వచ్చి కూర్చుంటే, “పిల్ల కాస్త పొడుగేనండి” అన్నారు. చెల్లెలికి నవ్వాగలేదు. “నవ్వూ పెద్దదే” అన్నారు. అమ్మ నాన్నగారి వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

వరుడి తండ్రి చెల్లెలినీ, నాన్నగారినీ మార్చి మార్చి చూశారు. చివరికి తనే నవ్వేశారు.

“నిన్న నాకు రాటని చూపించినా కోడలని ఒప్పుకునేవాణ్ణండి. మీరు ఆ మాట పట్టుకోలేదు. పొడుగంటే సర్దుకుంటాం గానీ, ఇలాంటి వియ్యంకుడు మళ్లీ ఎక్కడ దొరుకుతాడండీ?”

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మే వడ్డించింది. నాన్నగారి విస్తట్లో మాత్రం అడక్కుండానే మరో గరిటెడు నెయ్యి వేసింది.