రెండు బేసిన్ల పంచాయితీ

ఖమ్రున్నీసాకు చదువు రాదు గానీ, మడుగు అడుగున ఏముందో కాళ్ళతో చెప్పేది. మైలవరం దగ్గర వాళ్ళ ఊరి మడుగులో నడుం లోతు నీళ్ళలో నిలబడి, బురదలో బొటనవేలితో నత్తగుల్లలు వెతికేది. వాటిని కాల్చి సున్నం చేసి జమ్మలమడుగులో తమలపాకులవాళ్ళకు అమ్మేది. ఊళ్ళో మగాళ్ళంతా పార్టీలు కట్టి బాంబులు చుట్టుకుంటుంటే, ఆమె ముప్పై ఏళ్ళు గుల్లలు కాల్చుకుంది. ఎవరిది పనికొచ్చే పనో మీరే చెప్పండి.

ఎలక్షన్లయిన ఏడాది ఎండాకాలంలో నత్తలు కుప్పలుగా చచ్చి మడుగు కంపు కొట్టింది. ఆఫీసరొచ్చి పైపైన సీసాడు నీళ్ళు ముంచుకుపోయి, నీళ్ళు బాగున్నాయని కాగితం పంపాడు. అయితే ఎవరో మందు పోశారు, అదిప్పటికి కొట్టుకుపోయింది అని తేల్చాడు ఊరి నాయకుడు ఓబుళప్ప. అవతలి పార్టీకి ఏజెంటుగా కూర్చున్నది ఖమ్రున్నీసా మొగుడు నబీ రసూల్. ఇంకేం, పోసింది కూడా అతనే అయిపోయాడు. దొరికితే నరుకుతామన్నారు. ఆ రోజుల్లో అన్నారంటే చేసేవాళ్ళే. రసూల్ ప్రొద్దుటూరు పారిపోయి చుట్టాలింట్లో దాక్కున్నాడు.

ఖమ్రున్నీసా కడుపారా ఏడ్చింది. ఏడ్చి, లేచి, రెండు బేసిన్లు నెత్తిన పెట్టుకుని ఓబుళప్ప అరుగు మీదికే పోయింది.

“మందు పోసింటే ముందు చేప తేలాల గదప్పా. చేపలు బాగనే తిరుగుతాండాయి. అడుగునుండేటివే చస్తాండాయి. ఆ ఆఫీసరు నీళ్ళు జూసినాడు గానీ బురద జూసినాడా?”

ఒక బేసిన్లో నత్తలింకా బతికున్న మడుగు అవతలి గట్టు బురద. ఇంకోదాంట్లో వంక వచ్చి కలిసేచోటి బురద. ఆ వంక పక్కనే పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డుంది. రెండింట్లోనూ ఒకే బావి నీళ్ళు పోసి, పక్కూరి చెరువులో పట్టిన నత్తలు ఇరవై ఇరవై వదిలింది.

“మూడు దినాలు మీ మనుషులనే కాపలా పెట్టుకోండప్పా.”

ఓబుళప్ప నవ్వాడు. బురదదే తప్పని తేలితే రసూల్ జోలికి రామని పదిమందిలో మాటిచ్చాడు.

పందేలకు పేరుపడ్డ ఊరు. అరుగు చుట్టూ ఒకటే జాతర. మొదటి బేసిన్లో నత్తలు బురదలో దూరి అత్తారింట్లో అల్లుళ్ళలా మేశాయి. రెండోదాంట్లో ఒక్కటీ నిలవలేదు. అంచు పట్టుకుని పైకి పాకాయి. పట్టు జారి పడ్డవి మూతలేసుకున్నాయి, మళ్ళీ తెరవలేదు. మూడోనాటికి కుళ్ళిపోయాయి. నోరులేని జీవాలు ఓబుళప్ప నోరు మూయించాయి, ఎందుకంటే ఆ షెడ్డు అతని బామ్మర్దిదే.

రెండు పార్టీలవాళ్ళూ చూస్తుండగా షెడ్డుకు తాళం పడింది.

“రసూలును రమ్మను పోమ్మా. ఎవరూ ఏమనరు,” అన్నాడు ఓబుళప్ప.

“నేనెందుకు రమ్మంటానప్పా? తరిమింది నువ్వు. నువ్వే పోయి పిల్సుకరా.”

సాయంత్రానికి నాయకుడి జీపు ప్రొద్దుటూరు నుంచి తిరిగొచ్చి ఖమ్రున్నీసా వాకిట్లో ఆగింది. ముందు సీట్లోంచి నబీ రసూల్ దిగాడు. తోలుకొచ్చినవాడు ఓబుళప్పే.