తిరిగి రాకూడని పావురాలు

పావురాలు పెంచేవాడి చూపు నేల మీద ఉండదు. ఎవరితో మాట్లాడుతున్నా నేను పైకి చూస్తూనే ఉంటాను కాబట్టి, కొత్తవాళ్ళు నన్ను ముందు పొగరుబోతు అనుకునేవారు, ఆ తర్వాత మెడనొప్పి మనిషి అనుకునేవారు. వరంగల్‌లో కరీమాబాద్ వైపు మా ఇల్లు. కింద రెండు గదులు, పైన డాబా, డాబా మీద చెక్కతో, జాలీతో నేనే కట్టుకున్న పావురాల డబ్బా. పగలంతా ఫొటోలకు ఫ్రేములు కట్టే నా దుకాణంలో ఉంటాను. సాయంత్రం షట్టర్ దించి, బండి మీద ఎవరో తరుముతున్నట్టు ఇంటికి వచ్చి డాబా ఎక్కేవాణ్ణి.

పావురం అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా గల్లీలో అవి కబూతర్లే. తోకను విసనకర్రలా విప్పుకుని దర్జాగా తిరిగే లక్కాలు, ఎగురుతూ ఎగురుతూ గాలిలో పల్టీలు కొట్టేవి, ఏ గొప్పా లేకపోయినా నాకు మాత్రం ముద్దొచ్చే బూడిదరంగువి. కొన్ని కొన్నాను, కొన్నింటిని బతిమాలి తెచ్చుకున్నాను, ఎక్కువ భాగం నా డబ్బాలోనే పుట్టాయి. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు కానీ, ఈ పిచ్చిలో ఆనందం కన్నా ఫికరే ఎక్కువ. డేగ ఉంటుంది, పిల్లి ఉంటుంది, గాలిపటాల మాంజా ఉంటుంది, మన పిట్టను తమ గుంపులో కలుపుకుని నోరు మెదపని పెద్దమనుషులు కూడా ఉంటారు. ఆదివారాలు కొన్నింటిని బుట్టలో పెట్టుకుని ధర్మసాగర్ కట్ట మీదికి వెళ్ళి వదిలేవాణ్ణి. నేను బండి మీద ఇంటికి వచ్చేసరికి అవి డబ్బా మీద కూర్చుని ఉండేవి. ఒక్కటి తగ్గినా నాకు అన్నం సహించేది కాదు.

“పిల్లలు బడి నుంచి రాకుంటె గూడ ఇంతగనం చూడలె నువ్వు,” అనేది నా భార్య. పిల్లలు చదువులు అయిపోయి ఉద్యోగాలకు వెళ్ళినా ఆ మాట మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆమెకు దగ్గు పట్టుకున్నది ఒక వానాకాలంలో. వానాకాలం దగ్గే కదా అని ముందు మిరియాల కషాయం, తర్వాత వాము ఆవిరి, ఆ తర్వాత గల్లీ చివరి ఆర్‌ఎంపీ ఇచ్చిన గోళీలు. వానలు పోయాయి, దగ్గు పోలేదు. చలికాలం వచ్చేసరికి బియ్యం చెరుగుతూ మధ్యలో ఆగి, చాట పక్కన పెట్టి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకునేది. బట్టలు ఆరేయడానికి పైకి వెళితే తిరిగి దిగడానికి చాలాసేపు పట్టేది. పడుకున్నాక ఆమె ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. ఊపిరి లోపలికి వెళ్ళిందా, మళ్ళీ బయటికి వచ్చిందా అని నేను పక్కనే చెవులు రిక్కించుకుని పడుకునేవాణ్ణి. నాకు భయమేసింది. దవాఖానకు పోదామంటే “గీ దగ్గుకు దవాఖాననా” అని కొట్టిపారేసేది.

చివరికి హన్మకొండలో ఒక ఛాతీ డాక్టరు దగ్గరికి బలవంతంగా తీసుకెళ్ళాను. మొదటిసారి ఆమె లోపల ఉండగా నేను బిల్లు కట్టే వరుసలో ఉన్నాను. రెండోసారి స్కాన్ వచ్చాక ఇద్దరం కూర్చున్నాం. డాక్టరు ఆమెను గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. సగం పీల్చిందో లేదో, దగ్గు ఆమెను ముందుకు వంచేసింది. అది తగ్గేదాకా ఆగి ఆయన నెమ్మదిగా అడిగాడు.

“అమ్మా, పోయినసారి అడిగితే లేవన్నరు. మళ్ల అడుగుతున్న. ఇంట్ల పావురాలు గానీ వేరే పిట్టలు గానీ ఉన్నయా?”

“లేవు సార్,” అంది ఆమె. అంటూనే బల్ల కింద నా కాలి మీద తన కాలు వేసి నొక్కింది.

“ఉన్నయి సార్,” అన్నాను. “మాయే. డాబా మీద.”

ఆయన మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “వాటి రెట్ట ఎండి దుమ్ము అయితది. ఆ దుమ్ము కొందరి ఊపిరితిత్తులకు పడదు. ఇప్పుడు ఆపితే మందులకు లొంగుతది. ఇట్లనే పీల్చుకుంట పోతే గట్టిపడతయి. అప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను,” అన్నాడు. తర్వాత మందులచీటీ రాస్తూ, “డబ్బా ఎవరు ఊడుస్తరు?” అని అడిగాడు.

డబ్బా ఊడ్చేది ఆమే. నేను దుకాణానికి వెళ్ళాక కొంగు నడుముకు చుట్టుకుని, చీపురు పట్టుకుని, ఆ ఇరుకు డబ్బాలోకి వంగి రోజూ ఊడ్చేది. ఆకాశం వైపు చూడటం నా వంతు, రెట్ట ఎత్తడం ఆమె వంతు. ఇన్నేళ్ళూ ఆ పంపకం నాకు తప్పుగా తోచనే లేదు. 

బయటికి వచ్చి కొబ్బరిబోండాల బండి దగ్గర ఆగాం. నేను ఆగలేకపోయాను.

“ఎందుకు అబద్ధం చెప్పినవ్?”

“నిజం చెప్తే తీసేస్తవని.”

“తీసెయ్యకుంటె నువ్వు సస్తవే!” అని నడిరోడ్డు మీద అరిచాను. బోండాలాయన కత్తి ఆపి మా వైపు చూశాడు.

“తీసేస్తె నువ్వు సస్తవు,” అంది ఆమె, రెండు దగ్గుల మధ్య. “పొద్దుగూకంగనే యాడికి పోతవు? మళ్ల అటే గద.”

అటు అంటే ఎటో చెప్పక తప్పదు. డబ్బా కట్టక ముందు నా సాయంత్రాలు వైన్‌షాపు పక్కన పర్మిట్ రూంలో గడిచేవి. ఇంటికి ఒకరు మోసుకొస్తే వచ్చేవాణ్ణి. ఎవరో స్నేహితుడు ఊరు మారుతూ ఒక కబూతర్ల జంటను నాకు అంటగట్టి వెళ్ళాడు. అవి గుడ్లు పెట్టాయి. పిట్టలు పొద్దుగూకే ముందు దిగుతాయి, ఆ సమయానికి నేను పైన ఉండాలి. వైన్‌షాపు కూడా సరిగ్గా అప్పుడే రమ్మని పిలుస్తుంది. రెండు చోట్లా ఉండలేక మెల్లగా ఒకచోటు మానేశాను. మందు ఎట్లా మానావని ఎవరైనా అడిగితే నా మనోబలం మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చేవాణ్ణి. నా భార్య ఆ ఘనత ఎన్నడూ నాకు ఇవ్వలేదు, పిట్టలకే ఇచ్చింది. అందుకే నోరెత్తకుండా వాటి రెట్ట ఎత్తింది. అందుకే డాక్టరుకు కళ్ళలో కళ్ళు పెట్టి అబద్ధం చెప్పింది. తనకు ఊపిరాడకపోయినా సరే, నేను డాబా మీదే ఉండాలని.

ఆ వారమే పిట్టలన్నింటినీ నా బామ్మర్దికి ఇచ్చేశాను. ములుగు దాటాక అడవి అంచున అతనికి కొంచెం చెలక భూమి ఉంది, దాని పక్కన రేకుల కొట్టం ఉంది. మనిషి మెత్తనివాడు, చీమను కూడా పక్కకు జరిపి నడిచే రకం. జాగ్రత్తలన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. కొత్త చోట పిట్టను వెంటనే వదలకూడదు. లోపలే ఉంచి మేపాలి. అక్కడ జత కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపాక గానీ ఆ ఇల్లు తనదని అది ఒప్పుకోదు. “జర కూడ ఫికర్ చెయ్యకు బావా,” అన్నాడు. ఆ మాట విన్నప్పుడే నాకు ఫికరు మొదలవ్వాల్సింది.

ఇంటికి వచ్చి డబ్బా విప్పేశాను. మూతికి తడిగుడ్డ కట్టుకుని డాబా అంతా నీళ్ళు కొట్టి కడిగాను. కడుగుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆ తర్వాత సాయంత్రాలు దుకాణం కాస్త ఆలస్యంగా మూసి, ఇంటికి వచ్చి టీవీ ముందు కూర్చునేవాణ్ణి. నా భార్య నన్ను కనిపెడుతుంది, నేను ఆమె ఊపిరిని కనిపెడతాను. కాలు బయట పెడితే “యాడికి?” అంటుంది. “గట్టిగ ఊపిరి పీల్చు, చూద్దాం,” అంటే, “పీల్చి చూపియ్యనీకి నేనేమన్న సర్కస్ల ఉన్ననా?” అని విసుక్కుంటుంది. మందులు మొదలయ్యాక దగ్గు కొంచెం తగ్గినట్టే అనిపించింది. అది నిజమా, నా ఆశా అన్నది తేలేది కాదు.

శివరాత్రి దాటాక ఒక పొద్దున డాబా మీద రెక్కల చప్పుడు. ఆ చప్పుడు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. పరుగున పైకి వెళితే నీళ్ళ ట్యాంకు మీద నా బూడిదరంగు పిట్టలు రెండు, వాటి వెనకే మరొకటి. బామ్మర్దికి ఫోన్ చేశాను.

“జైల్ల పెట్టినట్టు కొట్టుకుంటాంటె నా పానం ఒప్పలె బావా. జరసేపు గాలికి తిరుగుతయని తలుపు తీసిన,” అన్నాడు.

బతుకంతా ఆకాశం వైపు చూసి రావాలి, రావాలి అని మొక్కినవాణ్ణి. ఇప్పుడు పొద్దున లేచి అదే ఆకాశాన్ని చూసి రావద్దు, రావద్దు అని మొక్కాను. అవి మాత్రం వస్తూనే ఉన్నాయి. ఒక రోజు లక్కా, ఒక రోజు పల్టీలది. డబ్బా లేకపోయేసరికి ట్యాంకు మీద, పిట్టగోడ మీద, కిటికీల పైన వాలి నా కోసం చూసేవి. కింద కిటికీలన్నీ బిగించి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. లోపలి నుంచి నా భార్య, “వచ్చినయా?” అని అడిగింది. ఆమె గొంతులో సంతోషం వినిపించింది. అది విని నాకు ఇంకా ఎక్కువ భయమేసింది.

అడకత్తెరలో పోకచెక్క అయింది నా పని. తరిమితే పోవు. మేత వేస్తే ఇక్కడే ఉంటాయి. చివరికి జొన్నలు అరచేతిలో పోసుకుని ఎప్పటిలాగే ఈల వేశాను. అవి ఎప్పటిలాగే వచ్చి చేతి మీద వాలాయి. అట్లా నమ్మి వాలిన పిట్టను పిడికిట పట్టి బుట్టలో వేయడం ఎంత పాడు పనో ఆ రోజుల్లో తెలిసింది. పట్టిన ప్రతిసారీ బయటే స్నానం చేసి, బట్టలు బకెట్లో ముంచి గానీ ఇంట్లోకి అడుగుపెట్టేవాణ్ణి కాదు.

అన్నీ చిక్కాక ఒక ఆదివారం పొద్దున్నే బుట్టకు పాతచీర కప్పి ములుగు బస్సెక్కాను. ఈసారి బామ్మర్దిని నమ్మలేదు. కొట్టానికి జాలీ నేనే బిగించాను. ఎగరకుండా ఒక్కోదాని రెక్క ఈకలకు దారం కట్టాను, జతలు చూసి గూళ్ళు సర్దాను, తాళం వేసి చెవి బామ్మర్ది భార్య చేతిలో పెట్టాను. ఆమె గట్టి మనిషి. “అన్నా, ఈయన ఏడ్చినా తాళం తియ్య,” అంది.

తిరుగు బస్సు దారిలో టైరు పేలి ఆగిపోయింది. ఆగడం ఆగడం ఒక వైన్‌షాపు ఎదుట ఆగింది. ఫోన్‌లో ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. పొద్దు వాలుతోంది. సరిగ్గా నా పిట్టలు దిగే వేళ, దిగడానికి ఇక ఏ పిట్టా లేదు. చేతులు ఖాళీ అయిపోయాయి. నాలుక ఎండిపోయింది. వెళ్ళాలనిపించింది, చాలా అనిపించింది. అవతలి నుంచి పల్లీల వాసన కూడా వచ్చింది. వెళ్ళకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. కాళ్ళు అటు పోకుండా డ్రైవరు పక్కనే నిలబడి, పుట్టినప్పటి నుంచీ టైర్లు మార్చినవాడిలా సలహాలు మొదలుపెట్టాను. “నువ్వు జర పక్కకు జరుగు కాకా,” అని అతను కసురుకున్నాడు. బస్సు కదిలేదాకా అతను కసురుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను.

గల్లీలోకి వచ్చేసరికి ఇళ్ళల్లో దీపాలు పెట్టారు. నా భార్య గేటు పట్టుకుని నిలబడి ఉంది. మొహం వాడిపోయి ఉంది. ఎంతసేపటి నుంచి అట్లా నిలబడిందో నేను అడగలేదు. ఎందుకింత ఆలస్యమని ఆమె కూడా అడగలేదు. దగ్గరికి వచ్చి, నా చొక్కా కాలరు పట్టుకుని కిందికి వంచి, నా నోటి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా గాలి పీల్చింది.

నేను కదల్లేదు. ఆ ఊపిరి లోపలికి వెళ్తూనే ఉంది, ఇంకా వెళ్తూనే ఉంది. దగ్గు రాలేదు. పిల్లికూత కూడా లేదు.

“ఏం లేదు,” అంది ఆమె, కాలరు వదిలేస్తూ.

“సరిగ్గ చూడు,” అన్నాను. “ఇంకోసారి.”