ఎండాకాలంల పొడుగు చేతుల జాకెట్

చిట్యాలల కిరాయికున్నప్పటి ముచ్చట. మా ఆయన కొట్టిన గుర్తులు కనపడొద్దని, ఎండాకాలంల ఉడికిపోయినా పొడుగు చేతుల జాకెట్లే కుట్టించుకునేదాన్ని. మూడోసారి పోతే టైలర్ షాహీన్ అక్క టేపు పక్కన పెట్టింది. "కొలతలు తర్వాత చెల్లె, ముందుగాల నీ సంగతి చెప్పు" అన్నది. ఏడ్చుకుంట చెప్పిన.

అంతల బయట మా ఆయన గొంతు ఇనపడ్డది! పరదా ఎనక దాక్కున్న. గడప ముంగటనేమో నా చెప్పులు! "గివి మా ఆమెవే కదా?" అన్నడు. అక్క గబుక్కున అండ్ల కాళ్లు పెట్టింది. సగం పాదమే పట్టింది. అయినా "నావే! ఆడోళ్ల దుకాణంల నీకేం పని?" అని గద్దించింది. ఆయన పోయినంక నా చెప్పులు నాకిచ్చి, నల్గొండల మహిళా సహాయ కేంద్రానికి తీస్కపోయింది.

ఇప్పుడు ఆమె పక్కనే మిషిన్ కుడుతున్న. ఎండల ఎవలన్న పొడుగు చేతులడిగితే కూసోబెట్టి నీళ్లిస్త. కొలతలు తర్వాత.