మైలుతుత్తానికి తోడు

మొయినాబాద్‌లో నేను పాఠాలు చెప్పే ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో రాగి కరిగిన నీళ్లు ఆరు క్యాన్లు ఉండేవి. సర్క్యూట్ బోర్డులు చేసే ఒక ఫ్యాక్టరీ వాడి వదిలేసినవి. వాటిలో రాగిని మైలుతుత్తంగా, అంటే కాపర్ సల్ఫేట్‌గా మార్చి, తోటల రైతులు తెగుళ్లకు కొట్టుకునేలా చేయాలని నా పంతం. ప్రిన్సిపాల్‌ గారికేమో ఆ గది స్టోరుగా కావాలి. సోమవారానికి శుభ్రమైన నీలం స్ఫటికాలు చూపిస్తే గది నాదే, లేకపోతే క్యాన్లు వెనక్కి పంపేయమన్నారు.

ఇనుప ముక్కలు వేసి రాగిని పొడిగా దించడం, కడిగి వేయించి ఆమ్లంలో కరిగించడం, అంతా బాగానే జరిగేది. ఆ తర్వాతే నా ఓపిక చచ్చేది. స్ఫటికాలు త్వరగా కట్టాలని ఆ వేడి నీళ్లను ఫ్రిజ్‌లో పెట్టి అరగంటకోసారి తీసి కుదిపేదాన్ని. మూడుసార్లూ ఇనుపమలినం కలిసిన ఆకుపచ్చటి రవ్వే మిగిలింది.

ల్యాబ్ అటెండర్‌గా పనిచేసే ఆమె చేవెళ్ల నుంచి వస్తుంది, నాకంటే పదేళ్లు పెద్ద; అక్కా అని పిలుస్తాను. శనివారం నాలుగోసారి నీళ్లు కాచి ఫ్రిజ్ వైపు నడుస్తుంటే అడ్డంగా నిలబడింది.

"పెరుగు తోడేసి మాటిమాటికి మూత తీసి కదిలిస్తమా మేడం? గిట్ల చేస్తే ఎట్ల పేరుకుంటది?"

ఒళ్లు మండింది. పీహెచ్‌డీ చేసింది నేను కదా! అయినా వెనక్కి తిరిగాను. నీళ్లు చల్లబడుతుండగా, పాత రవ్వలో ఏరిన ఒక మంచి నీలం పలుకును తోడుగా వేశాను. ఆమె ఆ నీళ్ల తొట్టికి మూత పెట్టి, గోనెసంచులు చుట్టి, గదికి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకొని బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆదివారం ఉండబట్టలేక చేవెళ్ల వెళ్లాను. చర్చి నుంచి బయటికొస్తూ నన్ను చూసి పకపకా నవ్వింది. ఇంటికి తీసుకెళ్లి కోడికూరతో అన్నం పెట్టింది, చివర్లో గడ్డ పెరుగు వేసింది. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

"తినుండ్రి మేడం. అది యాడికీ పోదు."

సోమవారం ప్రిన్సిపాల్‌ గారి ముందు ఆమే మూత తీసింది. అడుగున బొటనవేలంత స్ఫటికాలు, అద్దంలా మెరుస్తూ, నీలంగా. నాకు కళ్లు చెమర్చాయి. చన్నీళ్లతో కడిగి పరీక్షిస్తే ఇనుము జాడ కనిపించలేదు. గది మాకే మిగిలింది.

రెండో బ్యాచ్ పెట్టిన మర్నాడే ప్రిన్సిపాల్‌ గారు వచ్చి, జర మూత తీసి చూద్దామా అన్నారు.

"తాళంచెవి అక్క దగ్గరుంది సార్," అన్నాను. "నాకే ఇవ్వదు."