సింకు పక్కన కట్ల బండి

ఆస్పత్రిని దేవాలయం అనేవాళ్లను గాయాల వార్డు సింకు ముందు కాసేపు నిలబెడితే ఆ మాట వాళ్లే వెనక్కి తీసుకుంటారు. రోగుల గొంతుల్లోంచి లాగిన కఫం అందులోనే పోసేవాళ్లు. టీ గ్లాసులు అందులోనే కడిగేవాళ్లు. మధ్యాహ్నం క్యారేజీలు కడిగేదీ అక్కడే. తూము జాలీ మీద మెతుకులు, మెతుకుల మీద జిగురు, జిగురు మీద ఎవరిదో వెంట్రుక. వీటన్నిటి నెత్తిన గోడకు ఒక పాలరాతి పలక: ‘చేతుల శుభ్రతే ప్రాణరక్షణ’. కింద దాన్ని ఆవిష్కరించిన పెద్దమనిషి పేరు, నినాదం కన్నా పెద్ద అక్షరాల్లో.

ఆ వార్డులో ఒకరి పుండు ఇంకొకరికి అంటకుండా చూడడం ముక్కు సిస్టర్ ఉద్యోగం. మంచం మంచానికీ తిరిగి గొట్టాలు, కుట్లు, కట్లు చూస్తుంది. చేతులు కడుక్కోకుండా రోగిని ముట్టుకోబోతే పెద్ద సర్జన్‌నైనా ఆపుతుంది. కోపం ముక్కు మీదే ఉంటుంది గనక ఆ పేరొచ్చిందని కుర్ర డాక్టర్లంటారు. కట్టు విప్పకముందే పుండు చెడిందని వాసన పట్టేస్తుంది గనక అని ఆయమ్మలంటారు. రెండూ నిజమే. గిన్నెలు తోమే పీచును కూడా రోజూ మరిగించే మనిషి. “నీతో కాపరమంటే ఆపరేషన్ థియేటర్లో అద్దెకున్నట్టే” అంటాడు ఆమె భర్త. ఆయన టైలరు. సూదిని పళ్ల మధ్య పెట్టుకునే అలవాటు ఇంట్లో మాత్రం మానేశాడు.

ఆమె అంత పోరినా వార్డులో చేతులు తడిసేది తక్కువే. దూది, గుడ్డలు, పటకార్లు ఉండే కట్ల బండి ఒక మూల, సింకు మరో మూల.

“అంత దూరం వెళ్లొచ్చేలోపు రోగి ముసలాడైపోతాడు సిస్టర్” అన్నాడో కుర్ర డాక్టరు.

“అలాగా” అని ఆమె బండిని తోసుకెళ్లి సింకు పక్కనే పెట్టింది. “ఇప్పుడు ఏ సాకు చెబుతావో చెప్పు నాయనా.”

సాకు దొరకలేదు. అందరూ కడగడం మొదలుపెట్టారు. సూపరింటెండెంటు మీటింగులో ఆమెను మెచ్చుకుంటే చప్పట్లు కొట్టారు. మనవాళ్లకు చప్పట్లు కొట్టడం చేతులు కడగడం కన్నా సులువు.

ఆ తర్వాతే పచ్చ చీము మొదలైంది.

ముందు సింకు పక్క మంచం మీది లిఫ్టు మెకానిక్‌కి. లిఫ్టు గుంతలో పడి, కాలు నలిగి, ఎముక బయటికొచ్చి వార్డులో చేరినవాడు. ఎముకలు కూర్చి చుట్టూ ఇనుప చట్రం బిగించారు, కాలు నిలుస్తుందన్నారు. ఒక ఉదయం సిస్టర్ అతని మంచం దగ్గరికి రాగానే ఆగిపోయింది. మగ్గిపోయిన పళ్ల వాసన. కట్టు విప్పితే దూది ఆకుపచ్చగా ఉంది.

“ఎముకలోకి దిగితే మోకాలి కింద తీసెయ్యాల్సిందే” అన్నాడు సర్జన్.

“లిఫ్టు ఎక్కడానికి కాళ్లక్కర్లేదు సార్” అన్నాడు మెకానిక్. “బాగుచెయ్యడానికే కావాలి.” అతని భార్య నవ్వలేదు.

చీము పక్క మంచాలకూ పాకింది. సిస్టర్ రోజంతా వార్డులోనే కాపుగాసింది, చేతులు కడగని వెధవెవడో పట్టుకుందామని. ఒక్కడూ దొరకలేదు. అందరూ కడుగుతున్నారు. ఆమెను చూసి రెండుసార్లు కడుగుతున్నారు.

అప్పుడు మెకానిక్ భార్య అడిగింది. “సిస్టర్, ఈ స్టూలు కాస్త అవతలికి జరుపుకోనా? ఎవరు చెయ్యి కడిగినా నా మోచెయ్యి తడిసిపోతోంది.”

సిస్టర్ ఆవిడ చేతి వైపు చూసింది. తర్వాత బండి వైపు. బండి స్టూలు కన్నా సింకుకు దగ్గరగా ఉంది.

ఆఫీసులోంచి స్టాంపు సిరా తెచ్చి జాలీలో ఒంపి, కుళాయి పూర్తిగా తిప్పింది. ధార నేరుగా జాలీ మీదే పడుతుంది. కుళాయి కట్టేసి చూస్తే బండి మీది తెల్లగుడ్డ నిండా నీలం చుక్కలు. పటకార్ల మీద, విప్పి ఉంచిన దూది మీద కూడా. తూములో ఊరిన కఫం, ఎంగిలి మెతుకులు, టీ మడ్డి, అన్నీ కలిసి చెయ్యి కడిగిన ప్రతిసారీ లేచొచ్చి కట్ల మీద వాలుతున్నాయి. ఆ బండిని అక్కడికి తోసింది ఆమే.

సామానంతా పారేసి, బండిని అవతలికి లాగించి, కుళాయికి ప్లాస్టరు చుట్టేసింది. సూపరింటెండెంటు పరుగున వచ్చాడు.

“శుభ్రత వారోత్సవం పెట్టుకుని సింకు మూసేస్తావేంటమ్మా? రేపు ఆ పలకాయనే వస్తున్నాడు. బండి జరిపావుగా, చాల్లే.”

“మంచం ఎక్కడికి జరపను సార్? తూము మార్చాలి.”

“నాలుగు చుక్కలకి ఇంత రాద్ధాంతమా?”

ఆమె ఆయన గదిలోంచి బిస్కెట్ల ప్లేటు తెచ్చి, బండి ఉన్నచోట స్టూలు మీద పెట్టింది. ప్లాస్టరు విప్పి కుళాయి తిప్పింది, కట్టేసింది. ప్లేటు ఆయన ముందుకు జరిపింది.

“తీసుకోండి సార్.”

ఆయనకు ఆకలిగా లేదట.

“ఫర్లేదు తినండి సార్, పైన పలకుందిగా” అంది పక్కనే ఉన్న ఆయమ్మ.

సింకు మూతపడింది. ప్లంబరు గొట్టం విప్పితే నల్లటి జిగురు తాడు మూరెడు జారి బకెట్లో పడింది. మురుగే తన బతుకైన ఆ మనిషి మొహం తిప్పుకున్నాడు. మర్నాడు పెద్దమనిషి వచ్చి పలక పక్కన నిలబడి ఫొటో దిగాడు. సింకు ఏమైందని అడగలేదు.

పక్క మంచాలవాళ్ల పుళ్లు మెల్లగా మానాయి. మెకానిక్ ఎముకను సర్జన్ ఎంత గీకినా లాభం లేకపోయింది. మోకాలి కింద తీసేశారు.

సిస్టర్ అతని భార్య దగ్గరికి వెళ్లింది. వెళ్లొద్దని సూపరింటెండెంటు చెప్పాడు, అయినా వెళ్లింది.

“ఆ బండి సింకు పక్కన పెట్టింది నేనే” అంది.

ఆవిడ అడిగింది. “ఎందుకు పెట్టారు?”

“అందరూ చేతులు కడుక్కుంటారని.”

“కడుక్కున్నారుగా” అంది ఆవిడ. స్టూలు జరుపుకుని అటు తిరిగి కూర్చుంది.