ఆ గది ఖాళీగా లేదు

దీపావళి ఇంకా వారం ఉందనగానే, చిక్కడపల్లిలో మా ఎదురింటివాళ్ళు బాల్కనీకి సీరియల్ బల్బులు కట్టేస్తారు. సాయంత్రం నేను లైటు వేసుకోకుండా కూర్చుంటే ఆ వెలుగు కిటికీలోంచి వచ్చి నా గోడ మీద ఎర్రగా, పచ్చగా వెలిగి ఆరుతుంది. కింది వాటా నుంచి నువ్వులనూనె వాసన వస్తుంది. గోడకున్న ఫోటో కూడా ఆ రంగుల్లో ఒకసారి కనబడి, ఒకసారి పోతుంది. నేను తీసిన ఫోటోల్లో నలుగురూ మెచ్చుకున్నది అదొక్కటే. పండుగ దీపాలతో నిండిన గది, మధ్యలో ఖాళీ పేము కుర్చీ. మనుషులు ఏరీ అని చూసినవాళ్ళు అడుగుతారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే తప్పు.

యాదగిరి సార్‌కు నారాయణగూడలో ఫోటో స్టూడియో ఉండేది. బ్యాంకులో కొత్తగా చేరినప్పుడు గుర్తింపు కార్డు కోసం ఫోటో దిగడానికి వెళ్ళాను. కెమెరా వెనక నుంచి నన్ను కాసేపు చూసి, "ఏం పరేషాన్ల ఉన్నవ్? జర కూసో. నీ మొఖం ఇంకా బస్సులనే ఉన్నది" అన్నారు. చాయ్ తెప్పించారు. నా ముఖం బస్సు దిగి వచ్చిందని ఆయనకు అనిపించాకే ఫోటో తీశారు. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, ఈ ఊళ్ళో నాకు స్నేహితులు లేరు. అప్పటి నుంచి ఆదివారాలు ఆయన వెంట పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ కెమెరా సంచీ మోసుకుంటూ తిరిగాను.

ఒక దీపావళికి ముషీరాబాద్‌లో ఒకరింట్లో లక్ష్మీపూజ ఫోటోలు తీస్తున్నాం. "ఫ్లాష్ కొట్టవా అన్నా?" అని ఆ ఇంటావిడ అడిగింది. "దీపం మీద ఫ్లాష్ కొడ్తే ఇగ దీపమెందుకు పెట్టినట్టు అక్కా?" అన్నారాయన. ఈలోగా నేను చొరవ తీసుకుని, అడ్డంగా కూర్చున్న ముసలావిడను కాస్త జరగమన్నాను. రోడ్డు మీదికి వచ్చాక సార్ స్కూటర్ స్టార్ట్ చేయకుండా నిలబడ్డారు. "ఇంట్లోళ్ళను జరగమని ఇల్లు తీస్తమా మురళీ? ఆమె కూసున్న జాగ అది. మనం జరగాలె." నేను తలూపాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేశారు. తరువాత భార్య పోయింది. ఆయన అశోక్ నగర్‌లో చిన్న ఫ్లాట్ కిరాయికి తీసుకున్నారు. చేతులు వణకడం మొదలైంది, ఆ తరువాత తల కూడా. నేనూ వెళ్ళడం తగ్గించాను. ఒక దీపావళికి మాత్రం కొత్త కెమెరా, స్టాండు పట్టుకుని వెళ్ళాను. హెచ్‌డీఆర్ పద్ధతి ప్రయత్నించాలని నా సరదా. దీపాల గది దానికి బాగుంటుందని ఎక్కడో చదివాను. భార్య ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే, ఇప్పుడు ఆయన ఒక్కరే గదంతా అలంకరించారు. సుల్తాన్ బజార్‌లో కొన్న బల్బుల తీగ కిటికీ చుట్టూ, ప్రమిదలు నేల మీద, బీరువా మీద. ఆ చేతులతో అన్ని ఒత్తులు ఎలా వెలిగించారో నేను అడగలేదు.

"ఒక్క గదికి మూడు ఫోటోలెందుకయ్యా? ఒక్కటి మంచిగ తీయొస్తలేదా?"

"ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి బాగా వెలుగుగా తీసి కలుపుతాం సార్. దీపమూ తెలుస్తుంది, మూలనున్న బీరువా కూడా తెలుస్తుంది."

"మా ఆమె ఉంటే, బీరువ మీద దుమ్ము గూడ తెలుస్తదా అని అడుగుతుండె."

ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పేము కుర్చీలో నాకు ఎదురుగా కూర్చున్నారు. మూడూ తీసి లాప్‌టాప్‌లో కలిపాను. దీపాలు అద్భుతంగా వచ్చాయి. బీరువా వచ్చింది. కుర్చీలో మాత్రం మనిషి బదులు పొగలాంటిది ఉంది.

"సార్, మీరు కదులుతున్నారు. కాస్త అవతలికి వెళ్తారా?"

"కదలకుంట ఎట్లుంట? బతికున్న గద" అని నవ్వారు. లేచి, నా వెనక వంటింటి గుమ్మంలోకి వెళ్ళారు. నేను మళ్ళీ మొదటి నుంచి తీశాను. "అయిందా మురళీ?" అని అడిగారు. "ఇంకొక్కటి సార్" అన్నాను, వెనక్కి తిరగకుండానే.

ఆ ఫోటోకు 'ఖాళీ గది' అని పేరు పెట్టి బాగ్ లింగంపల్లిలో ఒక ప్రదర్శనలో ఉంచాను. ఒంటరితనాన్ని ఎంత బాగా పట్టారండీ అని అందరూ అంటుంటే చేతులు జోడించాను. సార్ కూడా వచ్చారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "కుర్చీ మంచిగొచ్చింది" అన్నారు. ఆ తరువాత, "చాయ్ తాగుదామా?" అన్నారు. ఆ చాయ్ దగ్గర కూడా నేను ప్రదర్శన గురించే మాట్లాడాను.

పోయిన ఏడాది ఆయన పోయారు. కూతురు సువర్ణ ఫోన్ చేసింది. "అన్నా, నాన్న ఫోటో ఒక్కటుంటే ఇయ్యవా? దినానికి పెట్టాలె. ఊరందరివి తీసిండు, ఆయనది మాత్రం లేదు. ఆధార్ కార్డుల ఉన్నది నాన్న లెక్కనే లేదు."

కెమెరా పాత మెమరీ కార్డులన్నీ వెతికితే, పాడైపోయాయని పక్కన పెట్టిన ఆ మొదటి మూడూ దొరికాయి. వెలుగుగా ఉన్నదాంట్లో ఆయన తెల్లటి మసక. మధ్యదాంట్లో ముఖం రెండుగా ఉంది. చీకటిగా తీసినదాంట్లో షట్టర్ తెరుచుకున్నది రెప్పపాటు మాత్రమే. అంతలోకి ఆ వణుకు చేరలేదు. నేల మీది ప్రమిద వెలుగులో సగం ముఖం, చొక్కా మడత, కుర్చీ చేతి మీద చెయ్యి. మిగతాదంతా నలుపు. ఆయన నేరుగా నా వైపే చూస్తున్నారు. వెలుగు పెంచమంటారా అని ప్రింటు వేసే అతను అడిగితే వద్దన్నాను.

"ఏంది, ఇంత చీకటున్నది?" అంది సువర్ణ. తరువాత దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. "నాన్న చెయ్యి ఆగింది" అంది.

గోడ మీది ఫోటో కింద ఉన్న పేరు చీటీ తీసేశాను. ఫోటోను మాత్రం గోడ మీంచి దించలేకపోయాను. ఇప్పుడు ఏ ఇంట్లో స్టాండు నిలబెట్టినా, ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. అడిగినవాళ్ళకు ఇక ఉన్నదే చెబుతాను: ఆ గది ఖాళీగా లేదు. నేను ఫోటోలు తీస్తున్నంతసేపూ యాదగిరి సార్ నా వెనక, వంటింటి గుమ్మంలో నిలబడే ఉన్నారు, ఇస్త్రీ చొక్కా నలగకుండా.