పిండి లేని పీట సప్పుడు

పిట్టా... నువ్వుంటే ఈ ముచ్చట మళ్లీ ఒకసారి చెప్పమనేదానివి. నా ఒక్కగానొక్క బిడ్డవు. నువ్వు లేవు కాబట్టి ఇక్కడ అందరికీ చెప్తున్నాను...

మా చిన్నప్పుడు... బషీరాబాద్ దగ్గర మా పల్లెలో పొద్దుగూకితే ఇంటింటా జొన్నరొట్టె కొట్టే సప్పుడు మొదలయ్యేది. పీట మీద పిండి ముద్ద పెట్టి, అరచేత్తో తిప్పుతూ కొడతారు కదా... ఆ సప్పుడు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక మట్టిగోడే. ఎవరింట్లో పొయ్యి వెలిగిందో, ఎవరింట్లో వెలగలేదో చూడక్కర్లేదు, వింటే చాలు.

వరి అన్నం పండుగకే. మిగతా రోజుల్లో రొట్టె, కందిపప్పు, లేదంటే పుండికూర, అదే గోంగూర.

మా నాన్న గొర్లను తోలుకుని దూరం పోయినప్పుడు ఒక్కోసారి ఇంట్లో పిండి నిండుకునేది. అట్లాంటి ఒక సాయంత్రం మా అమ్మ ఉత్త పీట ముందేసుకుని కొడుతూ కూర్చుంది.

"పిండి లేదు గదమ్మా... ఎందుకు కొడుతున్నవ్?"

"ఊకోవే. పక్కింటోళ్లు ఇంటరు."

కాసేపటికి పక్కింటి ఎంకమ్మ పెద్దమ్మ రానే వచ్చింది. కొంగు కింద వేడి వేడి రొట్టెలు.

"చెల్లే, మా ఇంట్ల ఎక్వైనయ్. జర పొల్లకు పెట్టు."

"మేం గూడ చేసుకున్నం గదక్కా."

"ఇన్న, ఇన్న. నీ పీట మస్తు మోగింది," అని నవ్వి, రొట్టెలు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

పిండి ఉంటే సప్పుడు మెత్తగా వస్తుంది. ఉత్త పీట అయితే టకటకా అంటుంది. రోజూ రొట్టెలు కొట్టే మనిషి, ఆమెకు తెలియదా... తెలిసీ ఆ మాట అనలేదు.

పెళ్లయి తాండూరు వచ్చాక మూడు పూటలా తెల్లన్నమే. అన్నం తినే ఇల్లు దొరికిందని నాకు ఎంత సంబరమో... పుట్టింటి నుంచి తెచ్చుకున్న పీట అటకెక్కింది. షుగర్ వచ్చిందని డాక్టరు చెప్పినా అన్నం మానబుద్ధి కాలేదు.

ఆ పీటను దింపింది నువ్వే పిట్టా. మీ నాన్న పోయాక వికారాబాద్‌లో మందుల దుకాణంలో పనికి కుదిరి, అక్కడే గది తీసుకున్నావు. వచ్చినప్పుడల్లా నాతో ఒకటే పంచాయితీ.

"ఊరందరికీ షుగర్ గోలీలు నేనే ఇస్త. మా అమ్మేమో అన్నం కుప్ప పోసుకుని కూసుంటది. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మళ్ల రొట్టెనా? గంత లేనోళ్లమైనమా మనం?"

"లేక తినుడు కాదమ్మా. నువ్వు ఉండాలె... గందుకు."

అట్లని పండుగలు మానమనలేదు నువ్వు. ఉగాదికి పోలెలు, అదే బొబ్బట్లు, చేయాల్సిందే, నెయ్యి వేయాల్సిందే. "నీకు సగం, నాకు ఒకటిన్నర" అని పోలెను తుంచి, పెద్ద ముక్క నీ పళ్లెంలో వేసుకునేదానివి. సగం తిన్నా పండుగ పండుగే అనిపించేది...

రోజూ సాయంత్రం దుకాణంలో జనం పలచబడగానే ఫోను.

"అమ్మా, ఫోను పీట కాడ పెట్టు. సప్పుడు ఇనాలె నేను."

ఒకరోజు పిండి కలపడానికి ఒళ్లు వంగలేదు. కుక్కర్‌లో అన్నం ఉండనే ఉంది. మా అమ్మ చేసినట్టే ఉత్త పీట మీద టకటకా కొట్టాను. నువ్వు కాసేపు విన్నావు.

"ఆగాగు. పిండేది?"

"పిండి లేకుంట ఎవరన్న కొడతరా?"

"మా అమ్మమ్మ కొట్టింది గద. ఆ ముచ్చట జెప్పింది నువ్వే, నాతోనే నాటకాలా?"

ఫోనులో నువ్వు, ఇక్కడ నేను... కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. ఆ రోజు నువ్వు ఫోను పెట్టేయకుండా నాతో పిండి కలిపించి, రొట్టె పెంక మీద పడేదాకా విన్నావు.

పోయిన వానాకాలం జ్వరమని దవాఖానాకు పోయావు... ఇంటికి రాలేదు.

తర్వాత నేను రొట్టె చేయలేదు. ఒక్క మనిషికి ఏం వంటలే అని చాయ్, బన్ను. లేకుంటే పిడికెడు అన్నం, తొక్కు పచ్చడి. గోలీ ఒకనాడు వేసుకుంటే ఒకనాడు లేదు. కళ్లు తిరిగి కూర్చుండిపోయినా అడిగేవాళ్లు లేరు. ఉగాదికి ఒక్క పోలె చేశాను. సగం తుంచి తిన్నాను. రెండో సగం ఎవరి పళ్లెంలో వేయాలో తెలియక గిన్నెలోనే ఉంచాను...

నిన్న సాయంత్రం నువ్వు ఫోను చేసే వేళకు ఊరికే పీట ముందు కూర్చున్నాను. ఫోను పక్కనే పెట్టుకున్నాను. చెయ్యి దానంతటదే ఉత్త పీట మీద పడింది. టక... టక... టక. కొట్టి ఆపి విన్నాను. "పిండేది" అని ఎవరూ అడగలేదు. మాది ఇప్పుడు సిమెంటు గోడ. అవతల టీవీ నడుస్తోంది. ఇవతల పీట మోగినా మోగకపోయినా వాళ్లకు వినిపించదు.

పిట్టా, "నువ్వు ఉండాలె" అన్నావు కదా... లేచి నీళ్లు మరిగించాను. పిండి కలిపాను. చెయ్యి మరిచిపోయిందేమో, మొదటి రొట్టె అంచులు పగిలాయి. రెండోది మంచిగా వచ్చింది. పప్పుతో తిన్నాను, గోలీ వేసుకున్నాను. ఇవాళ కూడా చేశాను.

ఎంకమ్మ పెద్దమ్మ లాంటివాళ్లు మీ పక్కింట్లో ఉన్నారా? ఉంటే వాళ్ల ముచ్చట కింద రాయండి, చదువుతాను. ఒంటరిగా ఉన్నా పొయ్యి ఆర్పకండి. మీరంతా వేళకు మంచిగా తినండి.